వెనుక నుంచి మొదలయ్యే పుస్తకం

కలకత్తా కాలేజ్ స్ట్రీట్‌లోని పాత పుస్తకాల వ్యాపారి కొత్తగా బైండింగు చేయించానంటూ ఇవాళ గర్వంగా అందించిన యూదుల పస్కా పండుగ ప్రార్థన పుస్తకాన్ని తెరిస్తే, ముఖపత్రం ఆఖరున ఉంది. హీబ్రూ కుడి నుంచి ఎడమకు సాగుతుందని తెలియక, బైండరు పాపం అట్ట మీది అలంకారమంతా వెనుకవైపున చేశాడు.

లిపి హీబ్రూదే కాని వివరణ అరబ్బీలో ఉంది. బాగ్దాద్, అలెప్పోల నుంచి వచ్చి కలకత్తాలో స్థిరపడిన యూదులు 19వ శతాబ్దంలో తమ ఇంటిభాషను ఇలాగే అచ్చువేసుకున్నారు.

ఐగుప్తు మీదికి దేవుడు పంపాడని చెప్పే పది తెగుళ్లున్న పుటలో మాత్రం ఎర్రటి మరకలు కనిపించాయి. ఒక్కొక్క తెగులు పేరు చదివినప్పుడు గిన్నెలోంచి కాస్త ద్రాక్షారసం ఒలికించడం వారి ఆచారం.

శిథిలమైన పవిత్ర గ్రంథాలను పారవేయక పాతిపెట్టే సంప్రదాయం వారిది కనుక, ఇటువంటివి కొన్న ప్రతిసారీ నాకు కొంత సంకోచం కలుగుతుంది. అయినా బేరమాడకుండా తెచ్చుకుని, మరకల పుట మీద పల్చని కాగితం పరిచాను.