నెలాఖరు బిస్కెట్లు, పిలకాయల పళ్ళు

మా తిరుపతి జీవకోన పక్క ముందు పళ్ళు నల్లగా అరిగిపోయిన పిలకాయల్ని చూసి జనం అనే మొదటి మాట, "వాళ్ళమ్మ చాక్లెట్లు తెగ తినిపిస్తాది" అని. నాకు ఒళ్ళు మండుతాది. నెలాఖరుకి బియ్యం అడుగంటి, గ్యాస్ అయిపోవచ్చి, పాలకి దుడ్లు లేనప్పుడు ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్టే టిఫిను, అది కూడా ఒకేసారి తినరు, పొద్దన రెండు, కాసేపాగి టీలో ముంచుకోని ఒకటి, మళ్ళీ ఆకలేస్తే ఇంకోటి. అసలు తంటా అక్కడే. చక్కెర ఎంత తిన్నారనేదొక్కటే కాదు, ఎన్నిసార్లనేది కూడా ముఖ్యం, తిన్న ప్రతిసారీ నోట్లో బ్యాక్టీరియా యాసిడ్ చేస్తాది, పీహెచ్ (యాసిడ్ కొలత, అది తగ్గేకొద్దీ యాసిడ్ ఎక్కువని) దాదాపు 5.5 కన్నా దిగితే పంటి పైనుండే గట్టి పొర ఎనామిల్ కరగడం మొదలు, లాలాజలం దాన్ని సర్దేలోపే ఇంకో బిస్కెట్. (బెల్లమైతే ఏం కాదంటారు కొందరు, అదీ చక్కెరే సామీ.)

మా ఎదురింటి పాప ఎడమ పక్కతోనే నమల్తాది, శెనక్కాయలిస్తే పక్కన పెట్టేస్తాది, సంగటైతే మింగేస్తాది. "పాలపళ్ళేగా, ఊడిపోతాయిలే" అంటాది వాళ్ళ జేజి. ఆ పాలపళ్ళే కదా వెనకొచ్చేవాటికి చోటు పట్టి పెట్టేది, పైగా నొప్పితో ఉన్న కాస్త తిండీ సరిగా తినలేదు బిడ్డ.

బడిలో గుడ్డు, రాగిజావ ఇస్తారు, సరే, మరి ఎండాకాలం సెలవుల్లో? ఫ్లోరైడ్ పేస్టు వాడమనడం సులువే, ఇంటికంతా ఒకటే బ్రష్షున్న కొంపలు చూసినా నేను. డాక్టర్లు "నెలాఖర్లో ఏం వండుతారమ్మా" అని కూడా అడిగితే బాగుండు. ప్రస్తుతానికి బిస్కెట్ తిన్నాక నీళ్ళు పుక్కిలించమని పిలకాయల వెంట పడతా ఉండా, సగంమంది మింగేస్తా ఉండారు.