ఒకే ఇల్లు, రెండు వార్డులు: కల్లూరులో నా అనుభవం

మొన్న 10 మార్చి 2021న కర్నూలు కార్పొరేషన్ ఎలక్షన్లో ఓటేసొచ్చినా. వేలిమీద సిరా పోలేదు, కోపం కూడా పోలేదు, అందుకే రాస్తాండా.

మాది కల్లూరు. కర్నూలు కార్పొరేషన్ లోపలే, కానీ అసెంబ్లీకి మాత్రం పాణ్యం. మొత్తం 52 వార్డులుంటే అవి కర్నూలు, పాణ్యం, కోడుమూరు మూడు నియోజకవర్గాల్లో పడినాయి. ఇదెందుకు చెప్తాండానంటే నా తిప్పలన్నీ దీంట్లోనే ఉండాయి. 2010లో పాత కౌన్సిల్ గడువు అయిపోయినాక మొన్నటిదాకా మళ్ళా ఎలక్షనే లేదు, అంటే నా కొడుకు పుట్టినాక వాడికి కార్పొరేటర్ అనే మనిషే తెలీదు.

పోయినేడు కరోనాకు ముందు వార్డులు కొత్తగా గీసినారు. 2011 జనాభా లెక్కలు పట్టుకుని వార్డులన్నీ దాదాపు సమానంగా ఉండేటట్లు చేయాలంట, సరే. డ్రాఫ్ట్‌లో మా వీధి మధ్యలో కాలువ హద్దు అని రాసినారు, ఇటు పక్క ఒక వార్డు అటు పక్క ఒకటి. నేను పెద్దగా పట్టించుకోలే. తర్వాత వార్డులవారీ ఓటర్ల లిస్టు చూస్తే నేను, అమ్మ ఒక వార్డులో, మా ఆవిడ ఎదురు వార్డులో!

ఒక ఆఫీసుకు పోయినా, ఏ ఆఫీసో చెప్పను. కౌంటర్ కాడ పది మంది ఉండారు. నేను లిస్టు చూపించి సార్ ఒకే ఇల్లు సార్ అంటే ఆయన కండ్లద్దాలు పైకెత్తి "ఏమప్పా, మీ ఆవిడ వేరే కాపురం పెట్టిందా?" అన్నాడు. క్యూ అంతా నవ్వింది, వెనకాల ఒకాయనైతే దగ్గు వచ్చేదాకా నవ్వినాడు. నాకు నోరు పెగల్లా. రేపు రా అన్నాడు. రేపు పోతే మీ వార్డు సచివాలయంలో అడుగు అన్నారు, ఆడికి పోతే మా సచివాలయం నంబరు వేరే ఎలక్షన్ వార్డు నంబరు వేరే అని వాళ్ళే చెప్పినారు. మూడోసారి పోతే ఈసారి ఆ కండ్లద్దాలాయన లంచ్‌లో ఉండాడు, మూడింటికి ఇంకా లంచే.

చివరికి విషయం తేల్చింది మా బూత్ లెవెల్ ఆఫీసరమ్మ, ఇంటిముందు అరుగు మీద కూర్చుని ఐదు నిమిషాల్లో. పెండ్లి తర్వాత మా ఆవిడ పేరు పాత డోర్ నంబరుతో ఎక్కిందంట, ఆ నంబరు ఇప్పుడు కాలువ అవతల ఇంటిది. మున్సిపల్ లిస్టు అసెంబ్లీ లిస్టు నుంచే వస్తది, ఆడ తప్పుంటే ఈడా తప్పే, మ్యాప్ మీద కొట్లాడి లాభం లేదన్నా అనింది. ఓటరు లిస్టులో చిరునామా మార్చేదానికి అప్పట్లో ఉన్న ఫారం 8ఏ నింపి, కరెంటు బిల్లు, ఆధార్ పెట్టినాం. ఫైనల్ లిస్టుకు ముందే పేరు మా పక్కకొచ్చింది.

మీరూ పోతే రసీదు లేకుండా కాగితం ఇవ్వొద్దు, లంచ్ టైంలో అసలు పోవద్దు. నేను ఆ డోర్ నంబర్ల సంగతి వీధిలో ఆరిళ్ళకు చూసిపెట్టినా, ఇద్దరివి తప్పు దొరికినాయి, ఒక్కరూ టీ కూడా తాపలేదు. ఇంకోటి, మా వార్డు మహిళకు రిజర్వ్ అయింది, సగం సీట్లు ఆడవాళ్ళకే కదా, మంచిదే. కానీ పోస్టర్ మీద ఆయమ్మ ఫోటో స్టాంపు సైజు, వాళ్ళాయన ఫోటో గోడంత.

ఓటు మాత్రం ముగ్గురం ఒకే బూత్‌లో, బ్యాలెట్ పేపర్ మీదే వేసినాం. 14న ఫలితాలు కూడా వచ్చినాయి. నిన్న ఆ హద్దు కాలువ పొంగింది. ఎదురింటి వదిన "మీ కార్పొరేటర్‌కి ఫోన్ చేయి" అనింది, నేను "మీ కార్పొరేటర్‌కి చేయండి" అన్నా, ఇప్పటికైతే ఇద్దరం వాకిట్లో ఇటుకలు పరుచుకుని నడుస్తాండాం.