వేడినీళ్లకు కొదవ లేదు, వానకే మొక్కాలి

మే చివరి శనివారం. మన దగ్గర రోహిణి కార్తె మొదలైంది. ఇక్కడ నాగానో కొండల్లో ఎండ చురుక్కుమంటున్నా, చెట్టు నీడలోకి వెళ్తే పల్చటి స్వెట్టరు వెతుక్కోవాల్సి వస్తోంది.

టోక్యోలో బుల్లెట్ రైలెక్కితే గంటన్నరలో ఉయెదా. అక్కడి నుంచి బెస్షో ఒన్సెన్ అనే, కొండ కింది వేడినీటి ఊటల పల్లెకు రెండు పెట్టెల బుల్లి రైలు. మొత్తం దారి 11.6 కిలోమీటర్లే. స్టేషను దాటగానే చికుమా నది మీద ఎర్రటి ఇనుప వంతెన వస్తుంది. 2019 అక్టోబరు తుఫానుకు నది పొంగి, గట్టు కోసుకుపోయి, వంతెన ఒక కొస నీళ్లలోకి ఒరిగిపోయింది. మళ్లీ దాని మీద రైలు నడిచింది 2021 మార్చి 28న. ఇంత చిన్న లైనును మూసేసి బస్సులు వేయకుండా మళ్లీ నిలబెట్టుకున్నారంటే, ఈ ఊళ్లవాళ్ల పట్టుదల మీద నాకు రైలు దిగకముందే గౌరవం కలిగింది.

వంతెన దాటాక మా ఆయన ఫోనులో గుళ్ల వివరాలు చదువుతున్నారు. నా చూపు మాత్రం కిటికీ బయట చెరువుల మీద పడింది. ఒకటి పోగానే ఇంకొకటి. కట్ట, కట్ట కింద పొలాలు, పొలాల్లో నాట్లకు కొత్తగా పెట్టిన నీళ్లు. ఈ షియోదా మైదానం చుట్టూ కొండలే. సముద్రం మీది మబ్బులు ఆ కొండల అవతలే కురిసేసి, ఇటు చేరేసరికి తేలికైపోతాయి. జపాన్‌లో వాన తక్కువ పడే చోట్లలో ఇదొకటి. అందుకే వందల ఏళ్లుగా చెరువులు తవ్వుకుని వరి పండించుకుంటున్నారు. మాది నల్లగొండ జిల్లా, నకిరేకల్ దగ్గరి పల్లె. చెరువు కనబడితే ముందు అలుగు ఎటువైపుందో చూడటం నాకు చిన్నప్పటి అలవాటు.

ఊరు చిన్నది. స్టేషను నుంచి కాస్త ఎత్తెక్కితే వీధి, వీధి పొడుగునా సత్రాలు, ఎక్కడ నిలబడినా గంధకం వాసన. ముందు కితముకి కన్నన్ గుడికి వెళ్లాం. కన్నన్ అంటే ఇక్కడి బౌద్ధుల కరుణ దేవత. 825లో వెలిసిందని చెప్పుకుంటారు. ఆలయాలు ఎక్కువగా దక్షిణానికో తూర్పుకో చూస్తుంటే, ఇది ఉత్తరానికి చూస్తుంది, అంటే నాగానో పట్నంలోని జెంకోజి గుడి వైపు. జెంకోజి పరలోకం సంగతి చూసుకుంటుందట, ఈ కన్నన్ ఈ లోకపు కోరికలు తీరుస్తుందట. ఒక్కదాన్నే చూసి వెళ్తే యాత్ర సగమే అయినట్టు. తిరుమల వెళ్లి తిరుచానూరు వెళ్లకుండా వచ్చినవాళ్లను మా అమ్మ అనే మాటే ఇది. గుడి ముందు చేతులు కడుక్కునే తొట్టి దగ్గర దోసిలి పట్టి ఉలిక్కిపడ్డాను. వేడినీళ్లు! జపాన్ గుళ్లలో మామూలుగా ఆ నీళ్లు చల్లగా ఉంటాయి. ఇక్కడ తొట్టిలోకి కూడా ఊటనీళ్లే మళ్లించారు.

జోరకుజి అనే ఇంకో గుడిలో 1262 నాటి చిన్న రాతి స్తూపాన్నీ, గడ్డి కప్పిన పాత కప్పునూ చూసి తొందరగా బయటపడ్డాం. మనసు అన్రకుజి మీద ఉంది.

అన్రకుజి జెన్ బౌద్ధుల మఠం. వెనక మెట్లెక్కితే, సమాధుల పైన, చెట్ల మధ్య ఎనిమిది మూలల చెక్క గోపురం నిలబడి ఉంటుంది. మూడంతస్తులే గాని, కింద అదనంగా ఒక చూరు ఉండటం వల్ల నాలుగనిపిస్తుంది. ఎత్తు 19 మీటర్ల లోపే. జపాన్‌లో పాతకాలపు ఎనిమిది మూలల చెక్క గోపురం ఇదొక్కటే మిగిలింది. చూరు కింద దూలాలు మధ్య నుంచి విసనకర్ర పుల్లల్లా విచ్చుకుంటాయి. చైనా నుంచి జెన్‌తో పాటు వచ్చిన పనితనమట అది. 1952లో దీన్ని జాతీయ సంపదగా ప్రకటించారు. కలపలోని వలయాలను లెక్కపెట్టి, ఈ చెట్లను కొట్టింది 1289లో అని తేల్చారు.

ఆ అంకె దగ్గర నేను ఆగిపోయాను. 1289 నవంబరులోనే మా చందుపట్ల శాసనం వేయించారు. రాణి రుద్రమ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు కన్నుమూశారని, వాళ్ల పుణ్యం కోసం భూమి దానమిచ్చారని చెప్పే శాసనం అది. మా ఊరి నుంచి చందుపట్ల ఎంతో దూరం లేదు. ఆ రాయి ఎండలో నిలబడిన ఏడాదే ఇక్కడెవరో గొడ్డలి పట్టుకుని ఈ అడవిలోకి వెళ్లారు. ఒకరి సంగతి ఒకరికి తెలిసే వీలే లేదు, దీని వల్ల రుజువయ్యేదీ ఏమీ లేదు. అయినా మా ఆయన రెండుసార్లు పిలిచేదాకా అక్కడి నుంచి కదల్లేదు.

మధ్యాహ్నం భోజనం ఓయాకితో సరిపెట్టాం. పిండి ముద్దలో కూర పెట్టి కాల్చే ఈ ప్రాంతపు తిండి. వంకాయ పెట్టినది దొరికింది. సోబా అనే ఇక్కడి నూడుల్స్ తినాలంటే చేపల రసం బాధ, అడిగి అడిగి విసుగొచ్చేసింది.

తర్వాత స్నానం. ఊళ్లో అందరూ వాడుకునే స్నానశాలలు మూడున్నాయి. నేను ఇషియుకు వెళ్లాను. మా ఆయన మాత్రం పరాయివాళ్ల ముందు గుడ్డల్లేకుండా స్నానం తన వల్ల కాదని, వీధిలోని కాళ్ల తొట్టిలో పాదాలు పెట్టుకుని కూర్చున్నారు. ఆయన ఇష్టం.

నాకు సిగ్గు కన్నా పెద్ద సమస్య మెట్టెలు. గంధకపు నీళ్లలో వెండి నల్లబడుతుంది, అది తెలిసే వెళ్లాను. ఉంగరాలు, గొలుసు సంచిలో పెట్టేశాను. మెట్టెలు తీయబుద్ధి కాలేదు. పెళ్లైనప్పటి నుంచి తీసింది లేదు, నల్లబడితే నల్లబడనీ అనుకున్నాను. ముందు పీట మీద కూర్చుని ఒళ్లంతా శుభ్రంగా రుద్దుకోవాలి, ఆ తర్వాతే తొట్టిలో దిగాలి. చేతి తువ్వాలు నీళ్లలో ముంచకూడదు, మడిచి నెత్తిన పెట్టుకోవచ్చు. బండరాళ్ల మధ్య తొట్టి, నిమిషం ఆగకుండా ఒకవైపు నుంచి వచ్చి మరోవైపు పొర్లిపోతున్న నీళ్లు. మొదట కాలు పెడితే చుర్రుమంది. మెడదాకా మునిగాక ఇక లేవాలనిపించలేదు.

పక్కన ఒక పెద్దావిడ నా కాళ్ల వైపు చూసి, "అవేమిటమ్మా, నల్లబడిపోతాయి కదా?" అన్నారు. మా దగ్గర పెళ్లైన ఆడవాళ్లు పెట్టుకుంటారని, తీయడం ఇష్టం లేక ఉంచుకున్నానని చెప్పాను. ఆవిడ పుట్టింది ఈ ఊళ్లోనే. నీళ్లు ఇలా వృథాగా పొర్లిపోతుంటే ఊళ్లో వానకు మొక్కుకోవడం చిత్రంగా ఉందన్నాను. ఆవిడ నవ్వి, "ఈ నీళ్లు పెడితే వరి ఉడికిపోతుంది" అన్నారు.

ఆ మొక్కు గురించి ఆవిడే చెప్పారు. 1504లో పెద్ద కరువొచ్చినప్పుడు మొదలైందని ఊళ్లో చెప్పుకుంటారట. ఏటా జులైలో తెల్లవారుజామునే ఒగామి కొండెక్కి, శిఖరం మీది నాగదేవతకు పూజ చేసి, పొడుగాటి వెదురు గడలకు రంగురంగుల బట్టలు వేలాడదీసి వరసగా దిగి వస్తారు. ఆడపిల్లలు ఆడతారు, సింహం వేషాలు ఉంటాయి. మా పల్లెల్లో రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటికీ తిప్పి బిందెతో నీళ్లు పోయించుకునే కప్పతల్లి ఆట గురించి నేను చెప్పాను. నాకు వచ్చిన జపనీస్‌తో అది చెప్పడం కష్టమే అయింది. కప్ప మాట వినగానే ఆవిడ గట్టిగా నవ్వారు, తర్వాత "పాపం, కప్ప" అన్నారు.

సాయంత్రం సైకిళ్లు అద్దెకు తీసుకుని షితకుయి చెరువుకు వెళ్లాం. గైడు పుస్తకంలో దీనికి దక్కింది రెండు వాక్యాలే. నాకైతే ఈ రోజు చూసినవాటిలో గోపురం తర్వాత ఇదే. కట్ట ఎన్నిసార్లు వేసినా నిలవకపోతే మనిషిని బలి ఇవ్వాలని తీర్మానించారట. చీటీ ఒక పిల్ల పేరున పడింది. ఆ పిల్ల ముందు రాత్రే నాలుక కొరుక్కుని నీళ్లలో దూకేసింది. షితకుయి అంటే నాలుక కొరుక్కోవడం. చెరువుకు ఆ పేరే మిగిలింది.

కట్ట మీద నిలబడి ఈ కథ చెబితే మా ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆయనది అనంతపురం. బుక్కరాయసముద్రం చెరువు తెగబోతుంటే ఊరి కోసం ప్రాణమిచ్చిన కోడలు ముసలమ్మ కథ వింటూ పెరిగినవారు. ఆ కథల్లో బలి అయ్యేది ఎప్పుడూ ఆడపిల్లే ఎందుకని నేనడిగాను. కట్టలు వేసినవాళ్లు, చీటీలు వేసినవాళ్లు ఎవరో చూస్తే తెలుస్తుందన్నారు. ముసలమ్మను ఆ తర్వాత దేవతను చేశారని, గుడి కట్టారని నేను సర్దిచెప్పబోయాను గాని, ఆ మాట నాకే నచ్చక ఆపేశాను. కింద పొలంలో ఒకాయన గట్టు తెగిన చోట పారతో మట్టి వేసుకుంటున్నాడు.

సత్రానికి వచ్చాక అమ్మకు ఫోను చేశాను. మెట్టెలు నల్లగా బొగ్గులైన సంగతి చెబితే, "విభూతి పెట్టి రుద్దు, పోతుంది. లేకపోతే పళ్లపొడి" అంది. విభూతి ఎక్కడిదమ్మా ఇక్కడ అంటే, నా సంచిలో ఉగాదికి తనే పంపిన పొట్లం ఉంటుందని గుర్తుచేసింది. ఉంది. తర్వాత ఎప్పుడూ అడిగేదే అడిగింది. "అక్కడ వానలు పడ్డాయా?" ఇంకా లేవని, జూన్‌లో మొదలవుతాయని, ఇక్కడి వాళ్లు కూడా మబ్బుల వైపే చూస్తున్నారని, కొండ మీది మొక్కు సంగతి అంతా చెప్పాను. అంతా విని అమ్మ అంది, "ఎలాగూ జులైలో ఆ కొండ ఎక్కుతారంటున్నావుగా. మన చెరువు పేరు కూడా ఒకసారి చెప్పమను."

పెద్దావిడ ఫోను నంబరు తీసుకుని ఉండాల్సింది.