గాయం చెప్పేది వేరు, గుర్తింపు చెప్పేది వేరు: క్రిమినల్ లా పేపర్‌లో నన్ను మార్చిన ప్రశ్న

ఫ్రెండ్స్, జూనియర్ సివిల్ జడ్జి మెయిన్స్‌కి చదువుతున్నవాళ్ల కోసం రాస్తున్నాను. క్రిమినల్ పేపర్ మొత్తం గురించి కాదు, ఒక్క ప్రశ్న గురించే. దాని మీద మూడు వారాలు కూర్చున్నాను. ఎవిడెన్స్ చదివే నా పద్ధతి అక్కడే మారింది.

మాక్ టెస్టులో వచ్చిన ప్రశ్న ఇది. రాత్రి రెండు గంటలకు ఐదుగురు ఒక ఇంట్లోకి చొరబడ్డారు. ఇంటాయన తల మీద ఇనుప రాడ్‌తో కొట్టి, భార్య మెడ మీద కత్తి పెట్టి నగలు ఒలుచుకుపోయారు. కరెంటు లేదు, వాళ్ల చేతుల్లోని టార్చిలైట్ల వెలుగే. ఎఫ్ఐఆర్‌లో ‘గుర్తు తెలియని వ్యక్తులు’ అని ఉందే తప్ప ఒక్క ఆనవాలు కూడా లేదు. మూడో రోజున ఇద్దరు దొరికారు. వాళ్లలో రెండో ముద్దాయి చూపించిన చోట నగలు బయటపడ్డాయి. అరెస్టయిన 70 రోజులకు గుర్తింపు పరేడ్ (ముద్దాయిని ఇతరులతో కలిపి వరసలో నిలబెట్టి సాక్షిని గుర్తుపట్టమనడం) పెట్టారు. ఇంటాయన ఇద్దరినీ గుర్తుపట్టాడు, భార్య ఎవరినీ గుర్తుపట్టలేదు. కింది కోర్టు ఇద్దరికీ శిక్ష వేసింది. అప్పీలు తేల్చండి.

నేను ఇలా రాశాను: పీడబ్ల్యూ-1 (ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి, అంటే ఇంటాయన) గాయపడిన సాక్షి, ఆయన మాటకు విలువ ఎక్కువ, కొట్టినవాణ్ణి వదిలేసి అమాయకుణ్ణి ఇరికించడు, కాబట్టి అప్పీలు కొట్టివేయాలి. 15కి 4 మార్కులు వచ్చాయి. పక్కన ఎర్ర సిరాతో ఒకే ప్రశ్న: ‘గాయం వల్ల రుజువయ్యేది ఏమిటి?’

గాయం వల్ల రుజువయ్యేది ఆయన ఆ రాత్రి అక్కడ ఉన్నాడని, అంతే. కొట్టింది ఎవరో గాయం చెప్పదు. ‘అసలువాణ్ణి వదిలేయడు’ అన్న సూత్రం తెలిసినవాళ్ల మధ్య జరిగే గొడవల్లో పనికొస్తుంది. ముక్కూ మొహం తెలియనివాళ్లు చేసిన దోపిడీలో సాక్షి అబద్ధం ఆడక్కర్లేదు, పొరబడితే చాలు. ఆయన నిజాయితీపరుడా అన్నది ఒక ప్రశ్న, ఆయనకు కనిపించే అవకాశం ఎంత అన్నది ఇంకో ప్రశ్న. మనలో చాలామంది మొదటిదానికి జవాబు రాసి రెండోదాన్నీ తేల్చేశామనుకుంటాం.

సెక్షన్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. గుర్తింపుకు సంబంధించిన పాత ఎవిడెన్స్ యాక్ట్ 9వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 7వ సెక్షన్. కోర్టులో చేసే గుర్తింపే సబ్‌స్టాంటివ్ ఎవిడెన్స్ (అసలు సాక్ష్యం), పరేడ్ దానికి బలం ఇస్తుందంతే. ఇక్కడ అందరూ కానన్ (1979), మల్ఖాన్ సింగ్ (2003) తీర్పులను ఒకదానికొకటి ఎదురుగా బట్టీపడతారు. ముందు పరేడ్ లేకుండా, ముక్కూ మొహం తెలియనివాణ్ణి మొదటిసారి కోర్టులో చూపిస్తే విలువ లేదన్నది మొదటిది. పరేడ్ లేనంత మాత్రాన కేసు పోదన్నది రెండోది. రెండో కేసులో బాధితురాలికి నిందితులను చూసే అవకాశం బాగా దొరికింది. ఆ ఒక్క వాస్తవం పక్కన పెట్టుకుంటే వైరుధ్యం కనిపించదు.

ఆలస్యం విషయమూ అంతే. వకీల్ సింగ్ కేసు బందిపోటు కేసు. మూడున్నర నెలలకు పరేడ్ జరిగింది, గుర్తుపట్టింది ఒక్క సాక్షే, సుప్రీంకోర్టు ముద్దాయిలకు అనుమానపు ప్రయోజనం (బెనిఫిట్ ఆఫ్ డౌట్) ఇచ్చింది. ప్రమోద్ మండల్ (2004)లో ఇన్ని రోజుల్లోపే పరేడ్ జరగాలి, ఇంతమందే గుర్తుపట్టాలి అని గీత గీయలేమంది. కాబట్టి ‘70 రోజులు, అందుకే చెల్లదు’ అని రాస్తే మార్కులు పడవు. ఆ 70 రోజుల్లో సాక్షి ఏం చూశాడు, ముద్దాయిని స్టేషన్‌లో ఎవరైనా చూపించారా, కోర్టుకు తెచ్చేటప్పుడు ముఖం కప్పారా, ఫోటో బయటికొచ్చిందా అని అడగాలి.

నాకు ఎక్కువగా ఉపయోగపడింది మాత్రం క్రిమినల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్, 1990లో 34వ రూల్. చాలామంది దాన్ని తెరవరు, దయచేసి తెరవండి. పరేడ్‌లో నిలబెట్టేవాళ్లు వయసులో, ఎత్తులో, రూపంలో, జీవన స్థాయిలో ముద్దాయిని పోలి ఉండాలి. ఎక్కడ నిలబడాలో ముద్దాయే ఎంచుకోవచ్చు. సాక్షులు ఒక్కొక్కరే రావాలి, చూసి వచ్చినవాళ్లు ఇంకా చూడనివాళ్లతో మాట్లాడకూడదు. ఏ ఆనవాళ్లతో గుర్తుపడతావో సాక్షిని ముందే అడగాలి. ఈ చివరి మాట దగ్గర ఆగిపోయాను. ఎఫ్ఐఆర్‌లో ఆనవాలే చెప్పని మనిషి 70 రోజుల తర్వాత దేన్ని బట్టి గుర్తుపట్టాడు? పై ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది.

1977లో రిపోర్టయిన ఇంగ్లండ్ తీర్పు టర్న్‌బుల్ కూడా చదివాను. ఎంతసేపు చూశాడు, ఎంత దూరం నుంచి, వెలుగు ఎలా ఉంది, అడ్డు ఏమైనా ఉందా, ముందు తెలుసా, మొదట చెప్పిన వర్ణనకూ మనిషికీ తేడా ఉందా అని అది చూడమంటుంది. మన కోర్టులను అది కట్టిపడేయదు కానీ జవాబుకి వెన్నెముకలా పనికొస్తుంది. దొంగ చేతిలోని టార్చి వెలుగు పడేది మన కళ్ల మీద, వాడి ముఖం మీద కాదు. కత్తి ఎదురుగా ఉన్నప్పుడు చూపు కత్తి మీదే నిలుస్తుందని మనస్తత్వ పరిశోధకులు 1980ల నుంచీ చూపిస్తున్నారు. భార్య ఎవరినీ గుర్తుపట్టలేకపోవడం నాకు ఆ తర్వాతే అర్థమైంది. మొదటి జవాబులో ఆమెను ‘ప్రాసిక్యూషన్‌కి ఉపయోగపడని సాక్షి’ అని ఒక్క ముక్కలో తీసేశాను. ఆ మాట రాసినందుకు ఇప్పటికీ బాధగా ఉంది.

అమెరికాలో రోనాల్డ్ కాటన్ కేసు ఈ అధ్యాయం చదివే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. 1984లో ఒక యువతి ఇంట్లోకి చొరబడి అత్యాచారం చేశారు. ఆ ముఖాన్ని గుర్తుపెట్టుకోవాలని ఆమె ఆ క్షణంలోనే గట్టిగా ప్రయత్నించింది. ఫోటోల్లోనూ, ఆ తర్వాత వరసలో నిలబెట్టినప్పుడూ కాటన్‌నే చూపించింది. అసలు నేరస్థుణ్ణి కోర్టులో ఎదురుగా నిలబెట్టినా ఇతన్ని ఎప్పుడూ చూడలేదంది. 1995లో డీఎన్ఏ పరీక్షతో కాటన్ నిర్దోషిగా బయటికొచ్చాడు, పదేళ్లకు పైగా జైల్లో ఉన్నాక. ఆమె అబద్ధం చెప్పలేదు. మొదట ఫోటోలో చూసిన ముఖమే ఆ రాత్రి చూసిన ముఖంగా మనసులో స్థిరపడిపోయింది.

అదే ప్రశ్నను నెల తర్వాత మళ్లీ రాశాను. మొదటి ముద్దాయి మీద ఆ గుర్తింపు తప్ప ఇంకేమీ లేదు కాబట్టి విడుదల చేశాను. రెండో ముద్దాయి విషయంలో గుర్తింపును పక్కన పెట్టి నగల రికవరీ మీద నిలబడ్డాను: సాక్ష్య అధినియమ్‌లో 23వ సెక్షన్ ప్రొవైజో (ముద్దాయి చెప్పినదాన్ని బట్టి వస్తువు బయటపడితే ఆ మేరకు మాట చెల్లుతుందనే మినహాయింపు), 119వ సెక్షన్‌లోని (ఎ) ఉదాహరణ (దొంగతనం జరిగిన కొద్దికాలానికే సొత్తు దగ్గరున్నవాడు దొంగ అనో, దొంగసొత్తని తెలిసి తీసుకున్నాడనో అనుకోవచ్చు), మూడు రోజుల వ్యవధి. ఐదుగురు లేదా ఎక్కువమంది కలిసి చేసే దోపిడీయే బందిపోటు, ఐదుగురు వచ్చారన్నది రుజువైంది కాబట్టి ఆ నేరం నిలుస్తుంది. కానీ కనీసం ఏడేళ్ల శిక్ష వేసే భారతీయ న్యాయ సంహిత 311వ సెక్షన్, పాత ఐపీసీ 397, ఆయుధం వాడినవాడికే వర్తిస్తుందని ఫూల్ కుమార్ (1975) చెప్పింది. రాడ్ ఎవరి చేతిలో ఉందో, కత్తి ఎవరు పట్టుకున్నారో తేలలేదు. అందుకని 311 తీసేసి, బందిపోటుకు శిక్ష చెప్పే 310(2) కింద మాత్రమే శిక్ష ఉంచాను. ఈసారి 15కి 11 వచ్చాయి.