జపాన్ సుప్రా, అమెరికా సుప్రా: పేరొకటే, బండ్లు రెండు (నా అనుభవం)

2019లో జపాన్ నుంచి ఒక ఏ80 సుప్రా (టయోటా స్పోర్ట్స్ కారు, 1993లో వచ్చిన తరం) అమెరికాకి తెప్పించుకున్నా. 1993 నవంబర్ బండి, ఆర్‌జెడ్ అంటారు, ట్విన్ టర్బో, ఆరు గేర్ల మాన్యువల్. ఎలా తెప్పించావ్, ఎవరి ద్వారా తెప్పించావ్ అని చాలామంది అడుగుతుంటారు గానీ నిజం చెప్పాలంటే అది చిన్న పనే, కాగితాల పని. బండి ఇంటికొచ్చాక ఇది ఇక్కడ షోరూముల్లో అమ్మిన సుప్రా కాదురా బాబూ అని బుర్రకెక్కడానికి మాత్రం నాకు ఏడాదిన్నర పట్టింది.

అసలు జపాన్ బండి ఎందుకంటే, ఇక్కడ అమ్మిన టర్బో మాన్యువల్ బండ్లు అప్పటికే నా చేతికి అందే రేట్లలో లేవు. అమెరికాలో ఈ ఏ80 అమ్మకం 1998తోనే ఆగిపోయింది, జపాన్‌లో 2002 దాకా నడిచింది. పైగా 25 ఏళ్ల రూలు ఉంది కదా, బండి తయారై 25 ఏళ్లు నిండితే ఇక్కడి సేఫ్టీ స్టాండర్డ్స్ దానికి వర్తించవు, హెచ్‌ఎస్-7 అనే ఫారంలో మొదటి బాక్స్ టిక్ పెడితే సరి. పొగ సంగతి ఈపీఏ (ఇక్కడి పర్యావరణ సంస్థ) చూస్తుంది, వాళ్ల లెక్క 21 ఏళ్లు, ఆ ఫారం వేరే, 3520-1, అందులో కోడ్ ఇ. ఇక్కడ చాలామంది తప్పులో కాలేసేది ఏంటంటే 25 ఏళ్లు మోడల్ సంవత్సరం నుంచి కాదు, తయారైన నెల నుంచి. జపాన్ రిజిస్ట్రేషన్ కాగితంలో ఉండేది మొదటిసారి రిజిస్టర్ అయిన నెల, తయారైన నెల కాదు. నా బండికి నెలలు దాటిపోయాయి కాబట్టి గొడవ లేదు, అంచు మీద ఉన్న బండి కొనేవాళ్లయితే సీట్ బెల్ట్ కింద కుట్టిన లేబుల్ ఫొటో అడగండి, దాని మీద తేదీ అచ్చేసి ఉంటుంది.

బండి వేలంలో కొన్నా. వేలం షీటు అంటే ఒకే పేజీ, మూలలో కారు బొమ్మ, దాని మీద ఏ1, యు2, డబ్ల్యు1 అని గీతలు. ఏ అంటే గీత, యు అంటే సొట్ట, డబ్ల్యు అంటే రంగు మళ్లీ వేసిన చోటు, ఎక్స్ఎక్స్ అంటే ఆ ముక్కే మార్చేశారు. గ్రేడ్ 3.5. నాకది జాతకచక్రం చూసినట్టే ఉండేది, మూడు రాత్రులు కూర్చుని చదివా. వెనక ఎడమవైపు డబ్ల్యు2 ఉంటే పోన్లే అనుకున్నా, ఇప్పుడు ఎండలో చూస్తే ఆ డబ్ల్యు2 ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలను.

యోకోహామాలో ఓడ ఎక్కి ఇక్కడ టకోమా రేవులో దిగింది. అక్కడినుంచి కస్టమ్స్ బ్రోకర్, సుంకం, 7501 అనే కాగితం (అది జాగ్రత్తగా దాచుకోండి, అది లేకపోతే టైటిల్, అంటే బండి మనదని చెప్పే కాగితం, రాదు), ఇదంతా పెద్దగా చెప్పుకునే కథ కాదు. కథ మొదలైంది రిజిస్ట్రేషన్ కౌంటర్ దగ్గర. ఇక్కడ బండికి 17 అక్షరాల వీఐఎన్, అంటే గుర్తింపు నంబర్, ఉంటుంది, జపాన్ బండికి ఉండదు, ఛాసిస్ నంబర్ ఉంటుంది, జేజెడ్ఏ80 అని మొదలై గీత పెట్టి ఏడంకెలు, అంతే. కౌంటర్‌లో ఆవిడ టైప్ చేస్తుంది, కంప్యూటర్ బీప్ అంటుంది, మళ్లీ టైప్ చేస్తుంది, మళ్లీ బీప్. మిగతా అక్షరాలు ఏవి అని నన్ను అడిగింది, అవి లేవండీ అంటే ఎక్కడో నేనే పారేసుకున్నట్టు చూసింది. లోపల్నుంచి ఒక సీనియర్ వచ్చి ఇంకేదో స్క్రీన్ తెరిచి ఎక్కించేసరికి మధ్యాహ్నం అయింది. ఆ రోజు నేను గమనించనిది ఒకటుంది, ఓడోమీటర్ దగ్గర కిలోమీటర్ల అంకెనే మైళ్లుగా కొట్టేశారు. అది సరిచేయించడానికి ఇంకో రెండుసార్లు తిరిగా. మీరు కౌంటర్ దగ్గర్నుంచి కదలకముందే కాగితం చదువుకోండి.

ఇన్సూరెన్స్ వాళ్లదీ అదే బీప్. చివరికి పాత కార్లకి చేసేవాళ్ల దగ్గర దొరికింది.

ఇక అసలు విషయం. బండి చూడ్డానికొచ్చిన మా ఫ్రెండ్ మొదటి మాటే, "రేయ్, ఇది 280 అంట కదరా, ఇక్కడిది 320, నలభై గుర్రాలు జపాన్‌లోనే వదిలేసి వచ్చావ్" అన్నాడు. నాకు కాలింది. నిజానికి 280 అనేది జపాన్ కంపెనీలు తమలో తాము అనుకున్న లెక్క, 1989 నుంచి 2004 దాకా ఏ కారైనా కాగితం మీద 280 పీఎస్ (గుర్రాల లెక్కే) దాటేది కాదు, లోపల ఎంతున్నా బ్రోషర్‌లో అంతే. కాబట్టి సుప్రా విషయంలో కూడా అది ఉత్త కాగితం తేడానే అని వాడితో గంట వాదించా. తర్వాత కూర్చుని చదివితే తెలిసింది, సగం నేను కరెక్ట్, సగం వాడు కరెక్ట్.

ఇంజన్ పేరు రెండిట్లోనూ 2జేజెడ్-జీటీఈ, 2997 సీసీ, బోర్ 86 స్ట్రోక్ 86, కంప్రెషన్ 8.5, ఆ ఇనప బ్లాకు అంతా అదే. కానీ దాని చుట్టూ తగిలించినవి వేరు. జపాన్ బండికి సీటీ20 టర్బోలు, వాటి ఎగ్జాస్ట్ వైపు చక్రం సిరామిక్. అమెరికాకి, యూరప్‌కి పంపిన బండ్లకి సీటీ12బీ టర్బోలు, చక్రం స్టీలు. ఇంజెక్టర్లు జపాన్‌వి 440 సీసీ, ఇక్కడివి 550. కామ్‌షాఫ్ట్‌లు కూడా జపాన్‌వి కాస్త మెతక. అమెరికా ఇంజన్‌కి పొగ రూల్స్ కోసం ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజన్లోకి పంపేది) ఉంటుంది, జపాన్ దానికి లేదు. అంటే మావాడు చెప్పిన నలభై గుర్రాలు పూర్తిగా అబద్ధం కాదు, నేను చెప్పిన కాగితం లెక్కా పూర్తిగా అబద్ధం కాదు.

సిరామిక్ ఎందుకు పెట్టారంటే తేలిక, తేలికగా ఉంటే త్వరగా తిరుగుతుంది. కింద ఆర్పీఎంలో నా బండి అందుకునే తీరు చూస్తే ఆ తేలికతనం ఏంటో పాదానికి తెలుస్తుంది. దీనిది సీక్వెన్షియల్ కదా, ముందు ఒక టర్బోనే పనిచేస్తుంది, సుమారు 4000 దగ్గర రెండోది కూడా కలుస్తుంది, అప్పుడు వీపు మీద ఎవరో చరిచినట్టు ఉంటుంది. కానీ సిరామిక్ పెళుసు. బూస్ట్, అంటే టర్బో ఇంజన్లోకి నెట్టే గాలి ఒత్తిడి, పెంచుకుంటూ పోతే, దాదాపు 1.2 బార్ దాటిస్తే, ఆ చక్రం పగిలిపోవడమో షాఫ్ట్ నుంచి ఊడిపోవడమో జరుగుతుంది. అమెరికా బండి ఉన్నవాడు ఎగ్జాస్ట్ మార్చి, బూస్ట్ పెంచి హాయిగా తిరుగుతాడు, స్టీలు చక్రం ఓర్చుకుంటుంది, వాడి సలహా విని నేనూ అదే చేస్తే నాకు టర్బో మిగలదు. నేను ఆ పని చెయ్యబోయి ఆగా, ఆపిందెవరంటే ఒక ముసలి మెకానిక్. పార్టు కొనుక్కుని ఆయన దగ్గరికెళ్తే బానెట్ ఎత్తి చూసి "దీని టర్బోలు ఏవో తెలుసా నీకు?" అన్నాడు. ట్విన్ టర్బో అన్నా. బానెట్ దించేశాడు. తెలుసుకుని రా అన్నాడు.

ఇంకోటి పెట్రోల్. జపాన్‌లో హై-ఆక్టేన్ అంటే బంకుల్లో 100 రాన్ (ఆక్టేన్ కొలిచే ఒక పద్ధతి). ఇక్కడ పంపు మీద 91, 93 అని ఉంటే అయ్యో తక్కువేమో అని భయపడ్డా, లెక్క వేరంతే, ఇక్కడిది రెండు పద్ధతుల సగటు, రాన్ లెక్కలో చూస్తే 91 అంటే 95, 96 చిల్లర, 93 అంటే 98 దగ్గర. అంటే భయపడ్డంత లేదు, కానీ జపాన్‌లో తాగినంత మంచిది కూడా కాదు. నేను 93 తప్ప పొయ్యను.

ఇప్పుడు నా పరువు పోయిన కథ చెప్తా. కొన్న ఏడో నెలలో బండి ముక్కడం మొదలెట్టింది, యాక్సిలరేటర్ నొక్కితే ఒక క్షణం ఆలోచిస్తుంది, ఐడిల్‌లో ఊగుతుంది. నెట్‌లో ఎక్కడ చూసినా ఒకటే సలహా, మాఫ్ సెన్సర్ (లోపలికొచ్చే గాలిని కొలిచేది) క్లీన్ చెయ్యి. సరే అని స్ప్రే డబ్బా కొనుక్కొచ్చి, ఫోన్‌లో వీడియో పెట్టుకుని, టార్చ్ నోట్లో పట్టుకుని వెతకడం మొదలెట్టా. ఎయిర్ ఫిల్టర్ డబ్బా దాటాక పైపులో ఉండాలి. లేదు. పైపు విప్పా. లేదు. వీడియోలో వాడు ముప్పై సెకన్లలో ఊడదీసి చేతిలో పట్టుకున్నాడు, నేను గంటంబావు సేపు వెతికా, ఎవడో దొంగతనంగా పీకేసి అమ్ముకున్నాడని కూడా అనుకున్నా, వేలం షీటు తీసి మళ్లీ చదివా. సంగతేంటంటే నా బండికి మాఫ్ సెన్సర్ అనేదే లేదు! అమెరికా సుప్రా లోపలికొచ్చే గాలిని మాఫ్‌తో కొలుస్తుంది, జపాన్‌ది ఇన్‌టేక్‌లో ఒత్తిడిని చూసి లెక్క కడుతుంది, దానికి ఉండేది మ్యాప్ సెన్సర్. ఈసీయూ, అంటే ఇంజన్ని నడిపే కంప్యూటర్, అది కూడా వేరే. లేని పార్టు కోసం ఆదివారం మధ్యాహ్నం మొత్తం వెతికినోణ్ణి నేను.

రోగం ఏంటంటే ఆ మ్యాప్ సెన్సర్‌కి వెళ్లే సన్నటి రబ్బరు గొట్టం చివర పగిలింది. చిటికెన వేలంత గొట్టం. 26 ఏళ్ల రబ్బరు, వేడికి గట్టిపడిపోయి వంచితే టక్కుమంది. ఈ సీక్వెన్షియల్ టర్బో బండ్లలో వాక్యూమ్ గొట్టాలు ఇన్నీ అన్నీ కావు, ఒకటి పగిలిందంటే మిగతావి కూడా క్యూలో ఉన్నట్టే, అందుకే అన్నీ ఒకేసారి మార్చేశా, ఒక్కోటి ఊడదీసి దానికి టేపు అంటించి నంబర్ రాసుకుంటూ, రెండు వారాంతాలు.

బ్రేకులదీ ఇదే గోల. 1994 సుప్రా టర్బో ముందు ప్యాడ్లు అని ఆర్డర్ పెట్టా. వచ్చాయి, పెద్దవి, నా కాలిపర్ పక్కన పెట్టి చూస్తే పిల్లాడి కాలికి నాన్న చెప్పులా ఉన్నాయి. అమెరికా టర్బో బండ్లు 17 అంగుళాల చక్రాలతో పెద్ద బ్రేకులతో వచ్చాయి, జపాన్‌లో మొదట్లో వచ్చినవి 16 అంగుళాల చక్రాలు, చిన్న బ్రేకులు. నాది ఆ మొదటి బాపతు. ప్యాడ్లు వెనక్కి పంపితే తిరుగు షిప్పింగ్ మనదే అన్నారు. అప్పట్నుంచి కారు పేరు, సంవత్సరం చెప్పి ఏదీ కొనను, ఛాసిస్ నంబర్ చెప్పి జపాన్ కేటలాగులో పార్టు నంబర్ తీసి ఆ నంబర్‌తోనే కొంటా. కౌంటర్‌లో ఆవిణ్ణి ఏడిపించిన ఆ నంబరే ఇప్పుడు నాకు దిక్కు.

చిన్న చిన్నవి చాలా ఉన్నాయి. స్పీడోమీటర్ చివర 180 ఉంటుంది, అమెరికా టర్బో సుప్రాదీ 180తోనే ఆగుతుంది, కాకపోతే నాది కిలోమీటర్లు, వాళ్లది మైళ్లు. నా బండి 180 కిలోమీటర్ల దగ్గర తనే ఆగిపోతుంది, అది జపాన్ లిమిటర్. ఇండికేటర్ కాడ కుడివైపు, వైపర్ ఎడమవైపు, మొదటి నెలంతా మలుపు దగ్గర ఎండలో వైపర్లు ఆడించా. హెడ్‌లైట్ కాంతి ఎడమ పక్కకి పైకి లేస్తుంది, జపాన్‌లో అది రోడ్డు పక్క, ఇక్కడ ఎదురొచ్చేవాడి కళ్లు. దానికి అడ్జస్ట్‌మెంట్ చాలదు, లైట్లే మార్చాలి, వెతుకుతున్నా. అందాకా రాత్రిపూట తియ్యడం లేదు. పక్క సీటు ముందు కాళ్ల దగ్గర ఎర్రటి గొట్టం ఒకటి క్లిప్‌కి పెట్టి ఉంటే ఇదేం డైనమైటురా అని ఉలిక్కిపడ్డా, రోడ్డు మీద బండి ఆగితే వెలిగించే ఫ్లేర్ అది, జపాన్‌లో ప్రతి కారులో ఉండాల్సిందే.

రేడియో సంగతి మాత్రం నాకు భలే నచ్చింది. జపాన్ ఎఫ్ఎం అప్పట్లో 76 నుంచి 90, ఇక్కడ 88 నుంచి 108. రెండూ కలిసేది 88కి 90కి మధ్య ఆ చిన్న ముక్కలోనే, ఇక్కడ ఆ ముక్కలో ఉండేవి కాలేజీ స్టేషన్లు, పబ్లిక్ రేడియో. కన్వర్టర్ పెట్టుకో అని అందరూ అన్నారు, డబ్బా కొన్నా కూడా, ఇంకా డిక్కీలోనే ఉంది. పొద్దున బండి స్టార్ట్ చెయ్యగానే ముందు పాత ఓనరు బిగించుకున్న టోల్ డబ్బా ఏదో జపనీస్‌లో మాట్లాడుతుంది, కార్డు పెట్టలేదు అని అంట, మెకానిక్ కొడుకు చెప్పాడు. అది అయిపోయాక 88.5లో ఎవరో ప్రొఫెసర్ పురుగుల గురించి చెప్తుంటాడు. టర్బో వేడెక్కేదాకా నేను 2500 దాటను కాబట్టి పది నిమిషాలు ఆయన మాటలు వింటూ మెల్లగా వెళ్తా.