పదమూడో నంబరు రోడ్డు మీద మైసూరు పప్పు

స్టెప్నీ లేని కారు అద్దెకిస్తారని నాకు ఆ రోజు దాకా తెలీదు. డిక్కీ తెరిచి చూస్తే స్టెప్నీ ఉండాల్సిన గుంటలో ఒక చిన్న గాలి పంపు, ఒక జిగురు మందు సీసా ఉన్నాయి. కంకర రాయి కోసిన చోట టైరుకి చిటికెన వేలి గోరంత చీలిక. మందు ఎక్కిస్తే బుడగలు బుడగలుగా బయటికే వచ్చేసింది. రోజుకి డెబ్భై డాలర్లు పుచ్చుకుని, ఈ కంకర దారులున్న రాష్ట్రంలో ఇలాంటి బండి చేతికివ్వడం అన్యాయం. ఫోన్‌లో సిగ్నల్ లేదు. జూలై ఎండ. అటూ ఇటూ చూస్తే మోకాలెత్తు కూడా లేని పచ్చటి పైరు, దాని మీద ఆకాశం.

కెనడాలో సస్కాచెవాన్ రాష్ట్ర రాజధాని రెజీనాలో మా తెలుగువాళ్ళంతా లాంగ్ వీకెండ్ వస్తే ఒకటో నంబరు హైవే పట్టుకుని బాన్ఫ్ కొండలకి పోతారు. నేనూ రెండుసార్లు పోయాను. ఈసారి దక్షిణంగా పదమూడో నంబరు రోడ్డు చూడాలనిపించింది. మానిటోబా సరిహద్దు నుంచి అల్బర్టా సరిహద్దు దాకా సస్కాచెవాన్ అడుగుభాగాన్ని ఆ చివర నుంచి ఈ చివరకి కోసుకుంటూ దాదాపు 670 కిలోమీటర్లు పోతుంది. నేను వేబర్న్ దగ్గర ఎక్కి పడమటికి తిప్పాను.

దారి పొడుగునా ఎర్ర కోటు పోలీసు బొమ్మ ఉన్న బోర్డులు కనిపిస్తాయి. ఈ రోడ్డుకి 'రెడ్ కోట్ ట్రయల్' అని పేరు. 1873లో సైప్రస్ కొండల్లో అమెరికా నుంచి వచ్చిన తోడేళ్ళ వేటగాళ్ళు నకోడా అనే ఆదివాసీ జాతివాళ్ళని ఊచకోత కోశారు. అప్పటికే పెట్టాలనుకుంటున్న పోలీసు దళాన్ని కెనడా ప్రభుత్వం ఆ దెబ్బతో హడావుడిగా కూడగట్టింది. 1874 జూలైలో సుమారు 275 మంది మానిటోబాలో బయల్దేరి పడమటికి నడిచారు. నీళ్ళు దొరక్క, మేత దొరక్క గుర్రాలు దారిలోనే పడి చచ్చాయి. మూడు నెలలకి, తాము పట్టుకోవాలని బయల్దేరిన సారా వ్యాపారుల కోట చేరేసరికి అక్కడ సారా లేదు, వ్యాపారులూ లేరు. ఇప్పటి రోడ్డు అచ్చంగా వాళ్ళ అడుగుజాడల్లో పోదు, ఆ దారికి కాస్త దగ్గరగా పోతుందంతే. అదే ఏడు సెప్టెంబరులో క్రీ, సోటో జాతుల పెద్దలతో నాలుగో ఒప్పందం జరిగి ఈ నేలంతా ప్రభుత్వం చేతికొచ్చింది. ఆ సంగతి చెప్పే బోర్డు మాత్రం నాకెక్కడా కనిపించలేదు. అది కూడా ఉండాలి.

నిజానికి ఈ రోడ్డుకి ఊళ్ళనిచ్చింది పోలీసులు కాదు, రైలు. పాంగ్మన్, ఒగీమా, అసినిబోయా, లఫ్లెష్, అనెరాయిడ్, పాంటెక్స్, కాడిలాక్ అని వరసగా ఊళ్ళు తగులుతుంటాయి. గుర్రబ్బండి మీద ధాన్యం వేసుకుని పొద్దున పోయి సాయంత్రానికి ఇల్లు చేరాలి కాబట్టి పది, పదిహేను కిలోమీటర్లకో స్టేషను పెట్టారు. స్టేషను పక్కన ఎలివేటర్ అని ఎత్తయిన చెక్క గాదె. అనెరాయిడ్ అనే పేరైతే, రైలు సర్వేవాళ్ళు అక్కడ తమ అనెరాయిడ్ బారోమీటర్ పోగొట్టుకుంటే వచ్చిందంటారు. దూరం నుంచి ముందు గాదె కనపడి, పావుగంటకి ఊరొచ్చేదట. ఇప్పుడు చాలా ఊళ్ళకి గాదె లేదు. కొన్నిచోట్ల ఊరే లేదు. నాలుగు ఇళ్ళు, కిటికీలకి చెక్కలు కొట్టేసిన బడి, గడ్డి మొలిచిన రైలుకట్ట.

ఆ చెక్క గాదె ఒకటి దగ్గరగా చూద్దామని హైవే దిగి కంకర దారి పట్టాను. గీత గీసినట్టు నేరుగా ఉత్తరానికి పోతున్న దారి ఉన్నట్టుండి ఎడమకి తిరిగి, కొంతదూరం పోయి, మళ్ళీ కుడికి తిరిగి ఉత్తరం పట్టింది. చెట్టు లేదు, చెరువు లేదు, ఎందుకు తిరిగిందో అర్థం కాలేదు. ఆ మలుపులోనే టైరు పోయింది.

అరగంటకి దుమ్ము రేపుకుంటూ ఒక పికప్ వచ్చి ఆగింది. డెబ్భై దాటిన పెద్దాయన. "ఎక్కడికి" అని కూడా అడగలేదు, మోకాళ్ళ మీద కూర్చుని చీలికని బొటనవేలితో తడిమాడు. బండిలోంచి కంప్రెసర్ దింపి, జిగురు పూసిన రెండు తాళ్ళు సూదితో గుచ్చి చీలిక పూడ్చాడు. చేతులు తుడుచుకుంటూ దారి మలుపు సంగతి చెప్పాడు. ఈ నేలంతా మైలు చదరాలుగా కొలిచారు, ఒక్కో చదరం 640 ఎకరాలు. దాంట్లో పావు, 160 ఎకరాలు, పది డాలర్ల రుసుం కడితే ఇచ్చేవాళ్ళు. ఉండి సాగు చేస్తే సొంతం. వాళ్ళ తాత అట్లా వచ్చినవాడే. కానీ భూమి గుండ్రం కదా, ఉత్తరానికి పోయేకొద్దీ చదరాల నిలువు గీతలు దగ్గరవుతాయి. అందుకని కొన్ని మైళ్ళకోసారి గీతని పక్కకి జరిపి మళ్ళీ మొదలుపెడతారు. నేను ఇరుక్కున్న మలుపు అదే.

"ఇండియానా?" అన్నాడు. అవునన్నాను. పైరు వైపు చెయ్యి చూపించి, "ఇది మీ ఊరికే పోతుంది" అన్నాడు.

అది మసూర్. మా ఇంట్లో మైసూరు పప్పు అంటాం. రెజీనాలో ఇండియన్ కొట్టు నుంచి నెలనెలా సంచి మోసుకొచ్చే నేను ఆ మొక్కని చూడటం అదే మొదలు. కాయలు నేలకి ఆనేంత కిందుంటాయి. అందుకే విత్తాక రోలర్ తిప్పి రాళ్ళన్నీ మట్టిలోకి నొక్కేస్తారట, లేకపోతే కోత మిషను పళ్ళు విరుగుతాయి. ఆయన వెంట వాళ్ళ షెడ్డుకెళ్ళాను. ఇనప గాదె అడుగున తలుపు ఎత్తి దోసెడు తీసి నా చేతిలో పోశాడు. మట్టిరంగు గింజలు. ఒక గింజ పంటి కింద పగలగొడితే లోపల నారింజ రంగు పప్పు బయటపడింది. ఎర్ర పప్పు పైన ఇంత మామూలు చొక్కా ఉంటుందని అనుకోలేదు.

ఆయన లెక్కలు చెప్పాడు. 1897 నుంచి ధాన్యం రైలు ఛార్జీకి చట్టం కట్టుగా ఒక హద్దు ఉండేది, 'క్రో రేటు' అంటారు. 1995లో ఆ ఏర్పాటు పూర్తిగా ఎత్తేశారు. చిన్న లైన్లు మూతపడ్డాయి, గాదెలు కూల్చేశారు. ఎనిమిది కిలోమీటర్లు తోలే ధాన్యం ఇప్పుడు ఎనభై తోలాలి. జంట ట్రైలర్ల లారీలు, నిండితే 60 టన్నుల పైన. తేలిక బళ్ళ కోసం మట్టి మీద పల్చగా తారు పోసిన పల్లె రోడ్లు వాటి కింద పిండయ్యాయి. తారు రోడ్డుని పీకి మళ్ళీ కంకర చేసిన చోట్లు కూడా ఉన్నాయి ఈ రాష్ట్రంలో. ఇటు వైపు రైలు ఇంకా ఉందంటే, 2004లో రైతులూ స్థానిక పంచాయతీలూ కలిసి ఆ లైను కొనుక్కోవడం వల్ల.

"గోధుమ ఒక్కటే నమ్ముకుంటే పోయేవాళ్ళం, పప్పు నిలబెట్టింది" అన్నాడు. తర్వాత మెల్లగా, "2017లో మీవాళ్ళు సుంకం వేశారు. అది మాకు తగిలింది" అన్నాడు. ఆ డిసెంబరులో మసూర్ మీద 30 శాతం. తర్వాత తగ్గించారు, తీశారు, మళ్ళీ వేశారు.

నాకు 2017 బాగా గుర్తు. మాది అప్పటి ప్రకాశం జిల్లా, మార్కాపురం వైపు. ఆ ఏడు కంది విరగ్గాసింది. మద్దతు ధర క్వింటాలుకి 5050 అని పేపర్లో చదివి నాన్న ఆటో మాట్లాడుకుని యార్డుకి పోయాడు. రెండు రోజులు అక్కడే పడుకుని, తేమ ఉందంటే ఆరబోసుకుని, చివరికి వ్యాపారికి 4200కి ఇచ్చి వచ్చాడు. ఆ రాత్రి అన్నం తినలేదు. అటు నుంచి పప్పు దిగుమతి ఆపాలని మా ఊళ్ళో అందరూ అన్నారు, నేనూ అన్నాను.

'అటు' అంటే ఈ షెడ్డు. ఆ మాట దాచబుద్ధి కాలేదు. మా నాన్న కంది గురించి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన టోపీ తీసి తల గోక్కుని కాసేపు ఊరుకున్నాడు. "మీ నాన్నకి ఎన్ని ఎకరాలు?" అన్నాడు. నాలుగు అన్నాను. నలభై అనుకుని మళ్ళీ అడిగాడు. నాలుగే అన్నాను. ఇంకేం మాట్లాడలేదు. ఖాళీ ఐస్‌క్రీం డబ్బా ఒకటి వెతికి, దాని నిండా గింజలు పోసి మూత పెట్టి ఇచ్చాడు. టైరుకీ దీనికీ డబ్బులు తీసుకోనన్నాడు.

షానవోన్‌లో మోటెల్ 150 డాలర్లు. ఆ గదికి అది చాలా ఎక్కువ. పొద్దున కాఫీ దగ్గర ఒక పెద్దావిడ తన కంటి డాక్టరు కోసం రెజీనా పోవడానికి పక్కింటావిడని బతిమాలుకుంటున్నానని చెప్పింది. 1946లో పెట్టిన ప్రభుత్వ బస్సు సంస్థ 250కి పైగా ఊళ్ళకి తిరిగేది. 2017 మే నెలాఖరుతో మూసేశారు. మా అమ్మ పల్లెవెలుగు ఎక్కి మార్కాపురంలో కళ్ళు చూపించుకుని మధ్యాహ్నానికి ఇంటికొచ్చేస్తుంది. ఆ ఎర్ర బస్సుని ఎన్ని తిట్టుకున్నానో చిన్నప్పుడు. ఇంకెప్పుడూ తిట్టను.

ఈస్టెండ్‌లో 1991లో బయటపడ్డ 'స్కాటీ' అనే పెద్ద డైనోసార్ మ్యూజియం చూశాను, బావుంది. అక్కడి నుంచి రాబ్సార్ట్ దాకా పోయి, పాడుబడ్డ వీధి ఒకటి చూసి వెనక్కి తిరిగాను.

సోమవారం రాత్రి డబ్బా తెరిచి గింజలు కుక్కర్లో వేసి ఇంటికి ఫోన్ చేశాను. పొట్టు తియ్యొద్దనీ, తాలింపులో వెల్లుల్లి రెండు రెబ్బలు ఎక్కువెయ్యమనీ అమ్మ చెప్పింది. నాన్న ఫోన్ తీసుకున్నాడు.

"ఎకరాకి ఎంత దిగుద్దంట?"

"మంచి ఏడైతే ఆరు, ఏడు క్వింటాళ్ళు."

"పర్లేదు. మనకి నాలుగొస్తే గొప్ప" అని కాసేపాగి, "రేటెంతంట?" అన్నాడు.