పది తూటాల లెక్క

శనివారం.

పొద్దున్నే ఫ్యాన్ కట్టేసి గ్యారేజీలో కూర్చున్నాను. నా రైఫిల్‌కి తూటాలు నేనే తయారు చేసుకుంటాను: పేలిన ఇత్తడి గొట్టంలో, అంటే కేసులో, నిప్పంటించే ప్రైమర్, పౌడర్, పైన బుల్లెట్ మళ్లీ పెట్టుకోవడం. టెక్సాస్‌లో అక్టోబర్ అంటే ఇంకా ఉక్కపోతే, కానీ పౌడర్ తూచే త్రాసుకి గాలి పడదు. పౌడర్‌ని గ్రెయిన్లలో తూస్తాం. ఒక గ్రెయిన్ అంటే దాదాపు 65 మిల్లీగ్రాములు. మన కంసాలి తూచే గురివింద గింజలో సగానికి కాస్త ఎక్కువ. అందులో పదో వంతు కూడా తేడా రాకూడదని నా తాపత్రయం. బల్ల మీద ఒకే ఒక్క పౌడర్ డబ్బా ఉంటుంది. రెండోది అల్మారాలోంచి బయటికి రాదు. ఒకదానికి బదులు ఇంకోటి పోస్తే ఏమవుతుందో తలుచుకుంటేనే టెన్షన్. లోడింగ్ మాన్యువల్‌లో రాసిన గరిష్ఠ పౌడర్ కొలత జోలికీ పోను.

కేసుల పని వారం మధ్యలోనే ముగించాను. నిజం చెప్పాలంటే నాకు ఇష్టమైన భాగం అదే. నాది .308 విన్‌చెస్టర్, 1952 నుంచీ ఉన్న తూటా. పేలినప్పుడు ఇత్తడి కేసు ఉబ్బి ఛాంబర్ గోడలకి అతుక్కుంటుంది, అంటే బయట పడేసరికి నా రైఫిల్ ఛాంబర్ ఆకారంలోకి వచ్చేసి ఉంటుంది. దాన్ని డై అనే అచ్చులో పెట్టి భుజాన్ని, అంటే మెడ కింద వాలుగా ఉండే భాగాన్ని, అంగుళంలో వెయ్యోవంతులు రెండు మాత్రమే వెనక్కి నెడతాను. అంతకంటే బాగా ఎక్కువ నెడితే ప్రతిసారీ సాగి సాగి, అడుగుకి కాస్త పైన పల్చబడి చివరికి తెగిపోతుంది. పొడవు 2.015 అంగుళాలు దాటకూడదు, నేను 2.005కి కోస్తాను.

నాలుగైదు సార్లు వాడాక మెడ దగ్గర ఇత్తడి గట్టిపడుతుంది. ఒక కేసు బుల్లెట్‌ని బిగించి పట్టుకుని, ఇంకోటి కాస్త వదులుగా పట్టుకుంటే వేగాలు మారిపోతాయి. అందుకే మెడనీ భుజాన్నీ మాత్రం మంట మీద తిప్పి మెత్తబరుస్తాను. అడుగుకి ఆ వేడి పాకకూడదు, ఒత్తిడినంతా తట్టుకోవాల్సింది అదే.

తూకం మధ్యలో హైదరాబాద్ నుంచి ఫోన్. అన్నయ్య కూతురు అక్కడ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది, గాలి ఒత్తిడితో పెల్లెట్లనే చిన్న గుళ్లని కొట్టేది. 2012లో లండన్‌లో గగన్ నారంగ్ కాంస్యం గెలిచినప్పుడు అన్నయ్యకి పట్టిన పిచ్చి ఇప్పుడు పిల్లకి అంటింది.

"బాబాయ్, ఇవాళ పెల్లెట్లు టెస్ట్ చేశాం. రైఫిల్‌ని వైస్‌లో బిగించి డబ్బా డబ్బాకీ చూశాం. 4.49 మిల్లీమీటర్ల కంటే 4.50 సైజే నా బారెల్‌కి బాగుంది."

"ఒక్కో డబ్బాతో ఎన్ని కొట్టారు?"

"పది. అయిదైతే నమ్మొద్దన్నారు మా కోచ్ సార్. నీకేం బాబాయ్, నచ్చినట్టు తయారు చేసుకుంటావు. మాకు ఏరుకోవడమే."

వాళ్ల టార్గెట్ మధ్యలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు ఉంటుంది. పెల్లెట్ దానికి తొమ్మిది రెట్లు వెడల్పు. ఆ పిల్ల ఏరుకునేదాంట్లోనే నా గ్యారేజీ మొత్తం కంటే ఎక్కువ క్రమశిక్షణ ఉందనిపించింది.

మధ్యాహ్నం రేంజ్‌కి వెళ్లాను. పక్క బల్ల ఆయన ఎప్పటిలాగే "నాకూ ఓ యాభై చేసి పెట్టు, డబ్బులిస్తా" అన్నాడు. ఎవరికి వాళ్లు చేసుకోవడానికి ఇక్కడ ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు గానీ అమ్మడం మొదలుపెడితే కావాలి. అయినా నేను లోడ్ చేసినవి ఇంకొకరి ముఖం పక్కన పేలడం నాకిష్టం లేదు. తూటాలు చేసే ప్రెస్ కొనుక్కో, నేర్పిస్తానన్నాను.

ఇవాళ చూడాల్సింది బుల్లెట్‌ని కేసులోకి ఎంత లోతుకి దించాలన్నది. బారెల్లో గాడులు మొదలయ్యే చోటికి బుల్లెట్ ఎంత దూరంలో ఉండాలో ఏ రైఫిల్‌కి ఆ రైఫిల్‌లోనే చూసుకోవాలంటారు. నోట్‌బుక్‌లో ఒక లోతు పక్కన ఎర్ర సిరాతో గుండ్రం చుట్టి ఉంది, 100 గజాల్లో మూడు తూటాలు అరంగుళం లోపల. మా రేంజ్‌లో అందరి పర్సుల్లోనూ అలాంటి టార్గెట్ కాయితం ఒకటి ఉంటుంది. మూడు సార్లు పాసైందని రిలీజ్ చేద్దామంటే ఆఫీసులో మా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ టీములో ఎవరూ ఒప్పుకోం. ఇక్కడ మాత్రం మూడు రంధ్రాలు చూసి పొంగిపోతాం.

అందుకని ఆ లోతుకీ ఇంకో లోతుకీ పదేసి కొట్టాను, ఒకటి దీనిది, ఒకటి దానిది. అలా అయితే బారెల్ వేడెక్కినా గాలి మారినా రెండింటికీ సమానం. రెండు గ్రూపులూ, అంటే పదేసి రంధ్రాల గుంపులు, అంగుళానికి కాస్త పైనే వచ్చాయి. కాయితాల మీద పేర్లు చెరిపేస్తే ఏది ఏదో నేను కూడా చెప్పలేను.

వేగాల లెక్కలోనూ ఇదే కథ. అయిదు షాట్లకి వేగం కొలిచే క్రోనోగ్రాఫ్‌లో ఎస్‌డీ, అంటే వేగాలు సగటు నుంచి ఎంత చెదురుతున్నాయో ఆ లెక్క, సెకనుకి 8 అడుగులు చూపిస్తే అసలు విలువ 5 కావచ్చు, 20 దాటినా ఆశ్చర్యం లేదు. 100 గజాల్లో అదేమీ కనబడదు. 600 గజాల్లో మాత్రం సెకనుకి 20 అడుగుల తేడా వస్తే బుల్లెట్ రెండంగుళాల దాకా పైకో కిందికో పోతుంది. కాబట్టి తూకం, మెడ బిగువు మీద పడే శ్రమ వృథా కాదు. లోతు మీద వెయ్యోవంతులు లెక్కపెట్టడం మాత్రం, నా రైఫిల్‌కి సంబంధించినంతవరకు, ఇక చాలు. ప్రైమర్లు కూడా ఊరికే రావు. కరోనా రోజుల్లో ఒక్క డబ్బా కోసం ఎన్ని షాపులు తిరిగామో ఇక్కడ ఎవర్నడిగినా చెబుతారు.

ఇంటికొచ్చి, లోతు కొలవడానికి కొందామనుకున్న కొత్త గేజ్‌ని కార్టులోంచి తీసేశాను. ఆ డబ్బుతో వచ్చే నెల 600 గజాల మ్యాచ్‌కి ఎంట్రీ కట్టాను. అంత దూరంలో పక్కగాలిని గంటకి ఒక్క మైలు తప్పుగా అంచనా వేసినా మూడంగుళాలు పక్కకి పోతుంది. అది నేర్చుకోవాలంటే బయట నిలబడి గడ్డి, జెండాలు చూడాల్సిందే. మిగిలిన కేసులన్నీ ఒకే తూకానికి, ఒకే లోతుకి లోడ్ చేసి డబ్బా మీద తారీఖు వేశాను. మ్యాచ్ దాకా రోజూ పావుగంట ఖాళీ రైఫిల్‌తో ట్రిగ్గర్ ప్రాక్టీస్, హైదరాబాద్‌లో మా పాప చేసేదే. హాల్లో టీవీ ముందు మాత్రం వద్దని, ఆ గ్యారేజీలోనే చేసుకోమని మా ఆవిడ అప్పుడే చెప్పేసింది.